వంటలక్క నలుపు మేకప్‌ది.. మిరప చేలో ఆడవాళ్లది ఎండది! ‘కార్తీకదీపం’ చెప్పని రంగు లెక్క ఇదే

రాత్రి ఏడున్నర అయితే చాలు.. వీధిలో ఏ ఇంటి ముందు నడిచినా ఒకటే పాట. ‘కార్తీకదీపం’ నడిచినన్నాళ్లూ గుంటూరు, ప్రకాశం పల్లెల్లోనూ అదే సీన్. పగలంతా మిరపకోతకి పోయొచ్చిన ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేసి, వంటలక్కకి ఇవాళ ఏమైందో చూడ్డానికి కూర్చునేవాళ్లు. స్టార్ మాలో 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా సాగిన ఈ సీరియల్ కొన్నేళ్లపాటు తెలుగు టీఆర్పీల్లో నంబర్ వన్.

కథ తెలిసిందే. దీప నల్లగా ఉంటుంది. డాక్టర్ కార్తీక్ ఆమెను ఇష్టపడి పెళ్లి చేసుకుంటాడు. డబ్బున్న అత్తగారికి నలుపంటేనే గిట్టదు. ఆమె పేరు సౌందర్య, అదీ తమాషా. తర్వాత భర్తే అనుమానించి దూరం పెడితే, దీప వంటలు చేసి కూతుర్ని పెంచుతుంది. మలయాళంలో 2014లో వచ్చిన ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. ఆ పేరుకి నల్ల ముత్యం అని అర్థం. తమిళం, కన్నడం, మరాఠీ, హిందీ, బెంగాలీల్లోనూ ఇదే కథ తీశారు. అంటే రంగు బాధ మనోళ్లకి మాత్రమే కాదన్నమాట.

ఇక్కడే అసలు మెలిక. దీపగా నటించిన ప్రేమి విశ్వనాథ్ నిజానికి అంత నలుపు కాదు. మేకప్‌తో నల్లగా చూపించారు. నల్లపిల్ల బాధ చెప్పే కథలో కూడా నల్లగా ఉన్న నటికి చోటు దొరకలేదు.

ఇంకోటి.. దీపకి పెట్టిన పరీక్షలు చూడండి. ఓర్పు, వంట, శీలం, మంచితనం అన్నీ నిరూపించుకోవాలి. తీర్పు చెప్పేది ఆస్తి ఉన్న అత్త, పేరున్న డాక్టర్ మొగుడు. తెల్లగా ఉన్న మోనితని విలన్ చేసి, రంగు కాదు గుణం ముఖ్యమని సీరియల్ చెప్పింది. బాగానే ఉంది. మరి నల్లగా ఉండి, అందరిలా కోపం, స్వార్థం ఉన్న మనిషి సంగతేంటి? ఆమెకి మర్యాద ఇవ్వక్కర్లేదా?

మిరప చేలో ఈ లెక్క ఇంకా సూటిగా కనిపిస్తుంది. చలికాలం ముందు పత్తి తీతలు, జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా మిరపకోతలు. చీర మీద మగాళ్ల ఫుల్‌చేతుల చొక్కా, తలకి గుడ్డ చుట్టుకున్నా ఎండ ఆగదు. కర్నూలు వైపు నుంచి వలస వచ్చే కూలీలదీ అదే పరిస్థితి. నీడపట్టున ఉండే స్తోమత ఉన్నోళ్ల రంగు నిలుస్తుంది, కూలికెళ్లేవాళ్లది మాడుతుంది. పెళ్లిచూపుల్లో ‘పిల్ల కాస్త చామనఛాయ’ అన్న మాట వెనక చాలాసార్లు కట్నం బేరం ఉంటుంది. విచిత్రం ఏంటంటే, కల్లంలో రంగు పోయి తెల్లబడిన కాయని తాలు అని పక్కన పెడతారు. గుంటూరు యార్డులో దానికి రేటు తక్కువ.

ప్రకటనలకైతే ఒక నియమం ఉంది. నల్లగా ఉంటే పెళ్లి కాదు, ఉద్యోగం రాదు అన్నట్టు క్రీముల యాడ్‌లు చూపించకూడదని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2014లో చెప్పింది. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. కానీ ఆ నియమం బ్రేక్‌లో వచ్చే యాడ్‌కే. బ్రేక్ అయ్యాక అత్త పాత్ర అనే మాటలకి అది వర్తించదు.

ఈ మోజు ఖరీదు ముఖం మీద పడుతోంది. తెల్లబడతామని కొందరు మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి వారాల్లో రంగు తేలినట్టే కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. ఎండ తగిలితే మంట. మానేస్తే ఇంకా ఎర్రగా పొంగుతుంది, దాంతో భయపడి మళ్లీ రాస్తారు. ఎండలో పనిచేసేవాళ్లకి ఇది రెట్టింపు బాధ. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఆ ట్యూబు వెంట తీసుకుని చర్మ డాక్టర్‌ని కలవాలి. గుంటూరు జీజీహెచ్‌లో చర్మ విభాగం ఉంది.