కుస్కోలో మొదటి రాత్రి

మా పెద్దనాన్న కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన జూన్‌లో సెలవు దొరికితే పెరూ దేశం వెళ్లి, ఆండీస్ పర్వతాల్లో ఉన్న కుస్కో నగరం చూడబోయాడు. "ఏం చూశావన్నా?" అని ఫోనులో అడిగితే "రెండు రోజులు హోటలు గది పైకప్పు చూశానురా" అన్నాడు. ఒకప్పుడు మా కల్లంలో ధాన్యం బస్తా ఒంటిచేత్తో బండికెక్కించిన మనిషి! అంతటివాడు మంచం మీంచి లేవలేకపోవడమేమిటని ఆశ్చర్యమేసింది. ఆ కారణం వెతుకుతూ పోయి తెలుసుకున్నవే ఈ నాలుగు ముక్కలూ. నేను కుస్కో చూడలేదని పాఠకులకు ముందే మనవి.

కుస్కో సముద్ర మట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. మన తిరుమల కొండ అందులో సగం కూడా ఉండదు, ఊటీ 2,240. మన దేశంలో దీనికి జోడు చెప్పాలంటే లడఖ్‌లోని లేహ్‌ను చెప్పాలి. సముద్రపుటొడ్డున ఉన్న లిమాలో విమానం ఎక్కితే గంటన్నర లోపే కుస్కోలో దింపుతుంది. చిక్కంతా ఆ గంటన్నరలోనే ఉంది.

ఎత్తుకి పోతే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ ఇంటర్‌లో అట్లాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను. శాతం ఎక్కడైనా దాదాపు 21. తగ్గేది పీడనం. సముద్ర మట్టం దగ్గర 760 మిల్లీమీటర్ల పాదరసం ఉండే వాతావరణ పీడనం కుస్కోలో సుమారు 500 మాత్రమే. అంటే ఒక్కొక్క ఊపిరికీ అందే ఆక్సిజన్ మూడింట రెండు వంతులన్నమాట. అదే కారణంగా నీళ్లు 89 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కరు లేకపోతే కందిపప్పు ఉడికేసరికి తెల్లారుతుంది.

రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే శరీరం చేసే మొదటి పని వేగంగా ఊపిరి తీయడం. దాంతో కార్బన్ డయాక్సైడు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షార గుణం పెరుగుతుంది. ఇది గమనించిన మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది! ఒక చెయ్యి తోస్తుంటే ఇంకో చెయ్యి లాగుతున్నట్టు. నిద్రలో కాసేపు ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేవడం ఇందువల్లనే. మూత్రపిండాలు రెండు మూడు రోజులు కష్టపడి బైకార్బొనేటును బయటికి పంపిన తర్వాత గాని ఈ పేచీ సర్దుకోదు. కొత్త ఎర్ర రక్తకణాల సంగతైతే వారాల పని. నాలుగు రోజుల యాత్రికుడు అందాకా ఉండడు. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఆ మూత్రపిండాల పనినే త్వరపెడుతుంది. అది డాక్టరును అడిగి వేసుకోవలసిందే.

కండబలం ఇందులో ఏమీ కాపాడదు. మా అన్న పొద్దున దిగి, కడుపునిండా మాంసం తిని, సాయంత్రమే ఊరి పైనున్న సక్సయ్‌వామన్ కోట ఎక్కాడు. రాత్రికి తలపోటు, వాంతులు. మర్నాడు 5,000 మీటర్లు దాటిన వినికుంకా కొండకి టిక్కెట్టు కొనుక్కొని ఉన్నాడు. డబ్బు పోతుందని వెళ్లబోతే హోటలామె గదమాయించి పడుకోబెట్టిందట. ఆవిడకి దండం పెట్టాలి. ఎందుకంటే తలపోటుతో ఇంకా పైకి వెళ్తే ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరే ప్రమాదముంది. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తాగినవాడిలా నడక తూలినా, ఆలస్యం చెయ్యకుండా కిందికి దింపాలి. ఆక్సిజన్ సిలిండరు దారి ఖర్చులాంటిదే.

తమాషా ఏమిటంటే, అందరూ కొండ శిఖరమనుకునే మాచుపిచ్చు 2,430 మీటర్లే. కుస్కో కంటే దాదాపు వెయ్యి మీటర్లు పల్లం! కాబట్టి విమానం దిగిన వెంటనే కారులో ఉరుబంబా లోయలోకి (2,870 మీటర్లు) దిగి, రెండు మూడు రాత్రులు అక్కడుండి, మాచుపిచ్చు చూసుకొని, కుస్కోని చివర పెట్టుకోవడం తెలివైన పని. అక్కడివాళ్లు కోకా ఆకుల టీ ఇస్తారు. పెరూలో అది చట్టబద్ధమే గాని, పొట్లం కట్టి ఇంటికి తెస్తే మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఊరుకోదు.

ఇక ఊరి సంగతి. ఇది ఇంకాల రాజధాని. ("ఇంకా" అంటే మన ఇంకా కాదు!) 1533లో స్పెయిన్‌వాళ్లు ఆక్రమించి, సూర్యదేవాలయం కొరికాంచా గోడల మీదే చర్చి కట్టారు. 1950 భూకంపంలో చర్చి బాగా దెబ్బతింది, కింది ఇంకా గోడలు నిలబడ్డాయి. ఇనుప పనిముట్లు లేవు, సున్నం లేదు. రాయిని రాయితో కొట్టి, అంచుకు అంచు కలిపి, గోడని కాస్త లోపలికి వాల్చి కట్టారు. అట్లాంటి ఒక గోడలోని పన్నెండు మూలల రాయిని 2025 ఫిబ్రవరిలో ఒకడు సుత్తితో కొట్టి పెచ్చులు లేపాడు. భూకంపాలకి తట్టుకున్న గోడ మనిషికి దొరికింది.

రైతుబిడ్డగా నన్ను ఆకట్టుకుంది మాత్రం చునో. జూన్, జూలైల్లో ఎత్తైన బీళ్లలో బంగాళాదుంపలు పరుస్తారు. రాత్రి గడ్డకట్టించే చలికి దుంపలోని కణాల గోడలు పగులుతాయి. పగలు ఎండకి మెత్తబడ్డాక కాళ్లతో తొక్కి నీరు పిండేస్తారు. కొన్నాళ్లలో గులకరాళ్లలా ఎండిపోయి, ఏళ్ల తరబడి పాడుకావు. కోల్డ్ స్టోరేజీ కిరాయి లేదు, కరెంటు లేదు. బంగాళాదుంప పుట్టిల్లు ఆండీసే. పెరూలో దాని రకాలు మూడు వేలకు పైనే. మేము మెట్టలో వేసే వేరుశనగ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే.

మూడో రోజు లేచి మా అన్న సంతకి వెళ్లి, నలుపు, ఊదా, ఎరుపు దుంపల రాశులు ఫోటో తీసి పంపాడు. మా నాన్న కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, "ఎకరాకి ఎన్ని బస్తాలట?" అన్నాడు. అన్న అడగలేదట.