మంచు దారిలో చిన్న కారు

తెలుగులో మనకు మంచు అనే మాట ఒక్కటే. కార్తీకమాసపు వేకువలో గడ్డిపరకల మీద మెరిసేదీ మంచే. సంక్రాంతి దినాలలో రహదారిని కప్పివేసి లారీలను నిలిపివేసేదీ మంచే. హిమాలయ శిఖరాలపై యుగయుగాలుగా పేరుకొన్నదీ మంచే. ఇంగ్లీషు పుస్తకాలను తెలుగు చేసే నాబోటి వాళ్ళకు ఈ పేదరికం అప్పుడప్పుడు ఇబ్బంది కలిగిస్తుంది. ఆకాశం నుంచి దూదివలె రాలేది ఒకటి. నేలమీద పడి, బండ్లు తొక్కగా గట్టిపడినది మరొకటి. సగం కరిగి బురదవలె చిందేది ఇంకొకటి. ఆ కరిగిన నీరే రాత్రికి రాత్రి గాజుపలకవలె గడ్డకట్టినది నాలుగవది. అనువాదకుడు ఏదో ఒక విశేషణం తగిలించి గట్టెక్కుతాడు. కాని ఆ నాలుగింటి మీద కారు నడపవలసిన వానికి అటువంటి వెసులుబాటు లేదు. టైరు దృష్టిలో అవి నాలుగు వేర్వేరు దారులు.

ఈ గొడవ మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. గుంటూరు, కృష్ణా, కరీంనగర్ జిల్లాలలో ఏ వీధికి వెళ్ళినా జర్మనీలోనో, కెనడాలోనో, స్వీడన్‌లోనో చదువుకొంటున్న పిల్లవాడు ఒకడు ఉండనే ఉంటాడు. ఉద్యోగం దొరకగానే వాడు కొనేది చాలావరకు చిన్న కారు, అదీ సెకండ్ హ్యాండ్‌ది. మొదటి చలికాలం వచ్చేసరికి ఇంటికి టెలిఫోను వస్తుంది. మా ఇంటికీ వచ్చింది. మా అక్క తెనాలి నుంచి నాతో, "ఏరా, వాడు కొన్నదే పాత బండి. ఉన్న చక్రాలు బాగానే ఉన్నాయట. మళ్ళీ నాలుగు కొత్తవి ఎందుకు? ఆ కొట్టువాడు వీణ్ణి అమాయకుణ్ణి చేసి అంటగడుతున్నాడేమో, కాస్త కనుక్కో" అన్నది. మ్యూనిక్‌లో ఉన్న మేనల్లుడిని అడిగితే, "అంటగట్టటం కాదు మామయ్యా, ఇక్కడ చట్టమే అలా ఉంది. కాని మూడు రకాలు చూపించాడు, ఏది కొనాలో నాకే తెలియటం లేదు" అన్నాడు. ఆ మూడు రకాల కథే ఈ వ్యాసం.

ముందుగా రబ్బరు సంగతి. రబ్బరు మెత్తగా ఉన్నంతవరకే రోడ్డులోని సన్నని గరుకుదనంలోకి ఒదిగి దానిని పట్టుకొంటుంది. చలి పెరిగేకొద్దీ అది బిగుసుకొంటుంది. ఒక హద్దు దాటితే గాజువలె పెళుసవుతుంది. ఆ హద్దు రబ్బరు రకాన్నిబట్టి మారుతుంది. మన కేరళ తోటల పాల నుంచి వచ్చే సహజ రబ్బరు సున్నాకు దిగువన సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఆ స్థితికి చేరదు. వేసవి టైరులో వాడే మిశ్రమం మండుటెండలో కరిగిపోకుండా, తొందరగా అరగకుండా ఉండేటట్లు తయారైనది; అది చాలా ముందుగానే బిగుసుకోవటం ప్రారంభిస్తుంది. చలికాలపు టైరు మిశ్రమంలో సహజ రబ్బరు, చలికి లొంగని మరికొన్ని కృత్రిమ రబ్బర్లు, సిలికా ఎక్కువ పాళ్ళలో ఉంటాయి. 7 డిగ్రీలకు దిగువన చలికాలపు టైరే మేలని యూరప్‌లో ఒక సూత్రం ప్రచారంలో ఉంది. అది కొండగుర్తు మాత్రమే. 8 డిగ్రీల వద్ద బాగున్న టైరు 6 డిగ్రీల వద్ద హఠాత్తుగా చెడిపోదు.

రెండవది టైరు ముఖం. చలికాలపు టైరును దగ్గరగా చూస్తే ప్రతి రబ్బరు దిమ్మె మీద కత్తితో గీసినట్లు వందలాది సన్నని గాట్లు కనిపిస్తాయి. బండి బరువు పడినప్పుడు అవి విచ్చుకొని, ఒక్కొక్క అంచూ గోరువలె మంచును గీరుతుంది. ఇంకొక విచిత్రం కూడ ఉంది. గాట్లలో, గాడులలో మంచు కూరుకొని అక్కడే నిలుస్తుంది. రబ్బరుకన్న మంచే మంచును బాగా పట్టుకొంటుంది కనుక, టైరు తన ఒంటినిండా మంచు అంటించుకొని దారి మంచుతో చేయి కలుపుతుంది. వాన టైరు నీటిని వెంటనే బయటికి తోసివేయాలని చూస్తే, మంచు టైరు మంచును కొంతసేపు దాచుకొంటుంది. ఈ గాట్లకు ఇంగ్లీషులో ఉన్న పేరు జాన్ సైప్ అనే అమెరికనుది. జారకుండా ఉండటానికి ఆయన తన బూట్ల అడుగున కత్తితో గాట్లు పెట్టుకొన్నాడని ఒక కథ చెబుతారు.

ఇటువంటి టైరు మొట్టమొదట పుట్టింది ఫిన్లాండులో. 1934లో లారీలకు, 1936లో కార్లకు అక్కడి రబ్బరు కర్మాగారం చలికాలపు టైర్లు తయారుచేసింది. కార్ల టైరుకు 'హక్కపెలీటా' అని పేరు పెట్టారు. పదిహేడవ శతాబ్దపు ముప్పై ఏండ్ల యుద్ధంలో స్వీడన్ రాజు పక్షాన పోరాడిన ఫిన్లాండు ఆశ్వికుల పేరది. ఆ పేరుతో టైర్లు నేటికీ వస్తున్నాయి. ఆ కర్మాగారం 1967లో కలిసిపోయిన సంస్థ మరేదో కాదు, మన దేశంలో ఒకప్పుడు ప్రతి చొక్కా జేబులో టెలిఫోనై వెలిగిన నోకియాయే. 1988లో టైర్ల విభాగం వేరుపడింది.

ఇక అసలు ప్రమాదం ఎంతటిదో చిన్న లెక్కతో చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారును ఆపాలి. రోడ్డు పట్టును ఇంజనీర్లు ఘర్షణ గుణకం అనే అంకెతో కొలుస్తారు. పొడి తారురోడ్డు మీద అది సుమారు 0.8, అప్పుడు బ్రేకు పట్టిన తరువాత కారు 12 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన మంచు మీద గుణకం 0.25 అనుకొంటే 40 మీటర్లు పోతుంది. గాజుపలకవంటి మంచుగడ్డ మీద 0.1 అయితే దాదాపు 100 మీటర్లు. ఇందులో డ్రైవరు తెలివికిగాని, బ్రేకుల నాణ్యతకుగాని చోటు లేదు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు ఉన్న పట్టును పొదుపుగా వాడగలవు, లేని పట్టును పుట్టించలేవు. మంచి టైరు చేయగలిగింది ఆ 0.25ను కొంచెం పైకి జరపటం. ఆ కొంచెమే రోడ్డు దాటుతున్న పిల్లవాడికీ కారు ముక్కుకూ మధ్య మిగిలే దూరం. మరొక సంగతి: మంచుగడ్డ అన్నిటికన్న ఎక్కువ జారేది భయంకరమైన చలిలో కాదు, సున్నా డిగ్రీల దగ్గర. అప్పుడు దానిపై పలుచని నీటిపొర ఉంటుంది. కొత్తవాళ్ళు ఇక్కడే మోసపోతారు. చలి తగ్గిందికదా అని వేగం పెంచుతారు.

మా వాడికి చూపిన మూడు రకాలలో మొదటిది అన్ని ఋతువులకూ పనికివచ్చేదని చెప్పే టైరు. రెండవది మధ్య యూరప్ చలికాలపు టైరు. మూడవది నార్డిక్ దేశాలకై చేసినది; ఇంకా మెత్తన, ఇంకా ఎక్కువ గాట్లు. ఈ మూడవదానిలోనే ఇనుప మేకులు దిగవేసిన రకం కూడ ఉన్నది. మంచుగడ్డ మీద మేకుల టైరుకు సాటి లేదు. కాని మంచులేని చోట ఆ మేకులు రోడ్డును దున్నివేస్తాయి. జపాన్‌లో సప్పోరో, సెండాయ్ నగరాలలో వసంతం వచ్చేసరికి తారు ధూళి మేఘాలై లేచేది. ప్రజలు ఊపిరి ఆడక గొడవ చేయగా 1990లో మేకుల టైర్లను కట్టడి చేస్తూ చట్టం చేశారు. జర్మనీ 1975లోనే నిషేధించింది. స్వీడన్, ఫిన్లాండు, నార్వేలలో ఇప్పటికీ అనుమతి ఉన్నా, స్టాక్‌హోమ్‌లోని హార్న్స్‌గాటన్ వీధిలో మాత్రం 2010 నుంచి వాటికి ప్రవేశం లేదు.

నార్డిక్ టైరు అన్నిటికన్న మంచిదికదా, అదే కొంటే సరిపోదా అని మా వాడు అడిగాడు. సరిపోదు. మ్యూనిక్ రోడ్ల మీద ఉప్పు చల్లి, మంచును తెల్లవారేసరికి తీసివేస్తారు. చలికాలంలో ఎక్కువ రోజులు ఆ దారులు చల్లగా, తడిగా ఉంటాయేగాని తెల్లగా ఉండవు. తడి తారురోడ్డు మీద, వేగంగా పోయే రహదారి మీద మధ్య యూరప్ టైరు ఎక్కువ దూరం జారకుండా ఆగుతుంది. అతి మెత్తని నార్డిక్ టైరు అక్కడ వెనుకబడుతుంది. స్వీడన్ ఉత్తరాన ఉన్నవాడి విషయంలో నా సలహా దీనికి సరిగ్గా వ్యతిరేకం. రైన్ నది లోయలో, కొలోన్ వంటి ఊళ్ళో, ఏడాదికి నాలుగు రోజులు మంచు చూసి, ఆ నాలుగు రోజులూ ట్రాములో వెళ్ళగలవాడికి అన్ని ఋతువుల టైరు చాలు. వారాంతంలో ఆల్ప్స్ కొండలెక్కే ఉబలాటం ఉన్నవాడికి చాలదు.

టైరు పక్కభాగాన ఉండే గుర్తులు చదవటం నేర్చుకోవాలి. 'ఎం', 'ఎస్' అనే రెండక్షరాలు బురదకూ మంచుకూ పనికివస్తుందని తయారీదారు తనంతట తాను చెప్పుకొనే మాట. దాని వెనుక పరీక్ష ఏదీ లేదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచుపువ్వు ఉన్న బొమ్మ వేరు. 1999లో అమెరికా, కెనడా టైరు తయారీదారుల సంఘాలు తెచ్చిన ఆ గుర్తును, ప్రామాణిక టైరుతో పోల్చి మంచుమీద నిర్ణీతమైన ఎక్కువ పట్టు చూపినవాటికే ఇస్తారు. జర్మనీలో మంచు ఉన్న రోడ్డు మీద తగిన టైర్లు ఉండాలని 2010లో నిబంధనను కట్టుదిట్టం చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి కొండబొమ్మ ఉన్నవాటినే అంగీకరిస్తున్నారు. లేకపోతే 60 యూరోల జరిమానా, లైసెన్సు మీద ఒక పాయింటు. కెనడాలో క్విబెక్ రాష్ట్రం 2008లో మొదలుపెట్టి, ఇప్పుడు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు తప్పనిసరి చేసింది. కొండబొమ్మ కూడ మంచుగడ్డ మీది పట్టు గురించి ఏమీ చెప్పదు. దానికి యూరప్ 2021 మే నుంచి టైరు చీటీ మీద వేరే గుర్తు పెట్టింది.

చిన్న కారుకు సంబంధించిన ముఖ్య విషయం వెడల్పు. కారు అందానికి వెడల్పు టైర్లు, పెద్ద రిమ్ములు కోరటం నేటి రివాజు. మంచులో ఆ అందం పనికిరాదు. ఒక చిన్న కారుకు 195/55 ఆర్ 16, 185/65 ఆర్ 15 అనే రెండు కొలతలకూ అనుమతి ఉందనుకొందాం. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది ఎత్తు శాతం, చివరిది అంగుళాలలో రిమ్ము. లెక్క వేస్తే రెండు చక్రాల మొత్తం ఎత్తూ దాదాపు 621 మిల్లీమీటర్లే. కాని రెండవది సన్ననిది. తేలికైన కారు బరువు తక్కువ వెడల్పు మీద పడి, టైరు మెత్తని మంచును, బురదమంచును కోసుకొని కిందికి దిగుతుంది. వెడల్పుది పైన తేలాలని చూస్తుంది. పొడి రోడ్డు మీద వెడల్పుదానిదే కొంత పైచేయి అన్నది నిజమే. అయినా చిన్నదే చవక, పైగా గుంతల దెబ్బకు దాని ఎత్తయిన పక్కగోడ రిమ్మును కాపాడుతుంది. మా వాడు చివరకు ఆ 15 అంగుళాల మధ్య యూరప్ రకాన్నే, ఇనుప రిమ్ములతో సహా తీసుకొన్నాడు. కొలత తరువాత '88 టి' వంటిది ఉంటుంది: 88 అంటే చక్రానికి 560 కిలోల బరువు, టి అంటే గంటకు 190 కిలోమీటర్లు. బరువు అంకె కారు పుస్తకంలో ఉన్నదానికి తగ్గకూడదు.

మా అక్క వంటి పొదుపరులు రెండు టైర్లతో సరిపెట్టవచ్చునా అంటారు. చిన్న కార్లలో ఎక్కువవాటికి ఇంజను తిప్పేది ముందు చక్రాలను కనుక, ముందు రెండే మారిస్తే కారు కదలటానికి ఇబ్బంది ఉండదు. ఆ సుఖమే కొంప ముంచుతుంది. మలుపులో బ్రేకు పట్టగానే ముందుభాగం దారిని పట్టుకొంటుంది, పట్టులేని వెనుకభాగం పక్కకు జారి కారును బొంగరంవలె తిప్పుతుంది. నాలుగూ మార్చాలి. పొదుపు కావలసినవారు ఒక మెట్టు తక్కువ పేరున్న కొత్త టైర్లు కొనవచ్చునుగాని, ఎవరో వాడి వదిలినవాటి జోలికి పోరాదు. పోక తప్పకపోతే పక్కన ఉన్న నాలుగంకెల సంఖ్య చూడాలి: 4123 అంటే 2023వ సంవత్సరం 41వ వారంలో తయారైనదని అర్థం. గాడుల లోతు చట్టప్రకారం జర్మనీలో 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఆస్ట్రియా చలికాలపు టైరుకు 4 మిల్లీమీటర్లు అడుగుతుంది. ఆస్ట్రియాదే తెలివైన చట్టం. గుండు టైరుకు గాట్లు మిగలవు.

మన దేశంలో ఈ అవసరం మనాలి, గుల్మార్గ్ వంటి చోట్ల మాత్రమే. 2020లో తెరిచిన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటి లాహుల్ లోయకు వెళ్ళే చిన్న కార్లకు అక్కడివారు గొలుసులు కడతారు. గొలుసు కట్టవలసింది ఇంజను తిప్పే చక్రాలకు, అంటే ఆల్టో వంటి బండిలో ముందువాటికి. గొలుసులతో నెమ్మదిగా పోవాలి. జర్మనీలో 50 కిలోమీటర్లు దాటకూడదు. ఇదే తమాషా: తిరుపతి సమీపాన చిన్నపాండూరులో 2020 నుంచి టైర్లు చేస్తున్న అపోలో సంస్థ, 2009లో హాలండ్‌కు చెందిన వ్రెడెస్టైన్‌ను కొన్నది. ఆ పేరుతో అమ్ముడుపోయే మంచు టైర్లు యూరప్ దారుల మీద తిరుగుతున్నాయి. మా వాడి కొట్టులోనూ అవి ఉన్నాయట.

బిగించిన తరువాత చూడవలసినవి కొన్నే. చలి 5, 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైరులో గాలి సుమారు ఒక పౌండు తగ్గుతుంది కనుక నెలకొకసారి, బండి కదలకముందు, గాలి చూడాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక చక్రాల బోల్టులు మరొకసారి బిగించాలి. జర్మన్లు అక్టోబరు నుంచి ఈస్టర్ వరకు అని లెక్క పెట్టుకొంటారు. వారి భాషలో ఆ రెండు పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఈస్టర్ దాటాక చలికాలపు టైర్లను ఉంచవద్దు. ఎండకు ఆ మెత్తని రబ్బరు ఇట్టే అరుగుతుంది, బ్రేకు దూరమూ పెరుగుతుంది. విప్పిన చక్రాలకు అపార్టుమెంటులో చోటు ఉండదు. అందుకని జర్మనీలో, స్వీడన్‌లో టైర్ల హోటళ్ళు వెలిశాయి. చిన్న అద్దె పుచ్చుకొని వేసవి అంతా చీకటిగా, చల్లగా ఉన్న గదిలో వాటిని ఉంచుతారు. అక్కడ ఇచ్చేముందు ఏ చక్రం ఎక్కడిదో, ముందు కుడి, వెనుక ఎడమ అని సుద్దముక్కతో రాసి ఇవ్వాలి.