మోరీ నీళ్లు ఎక్కడికి పోతాయి?



పొద్దున నల్లా వస్తుంది. బిందెలు నింపుకుంటాం. బియ్యం కడుగుతాం. గిన్నెలు తోముతాం. బట్టలు ఉతుకుతాం. పిల్లలకు స్నానం చేయిస్తాం. వాడిన నీళ్లు మోరీలోకి పోతాయి. పాయిఖానా నీళ్లూ అందులోకే పోతాయి. నల్లా ఎప్పుడు వస్తుందో మనకు తెలుసు. మోరీ నీళ్లు ఎక్కడికి పోతాయో తెలుసా?

గౌలిపురా, ఉప్పుగూడ, యాకుత్‌పురా, తలాబ్‌కట్ట. ఏ బస్తీ అయినా దారి ఒకటే. ఇంటి మోరీ గల్లీ పైపులో కలుస్తుంది. గల్లీ పైపు పెద్ద పైపులో కలుస్తుంది. పెద్ద పైపు మురుగునీటి శుద్ధి కేంద్రానికి పోవాలి. పైపు పగిలినా, నిండినా మురుగు నాలాలో పడుతుంది. నాలా మూసీ నదిలో కలుస్తుంది.

శుద్ధి ఎలా చేస్తారు?

మన వంటింటి పనిలాంటిదే ఇది. మొదట మురుగును ఇనుప జల్లెడ గుండా పంపుతారు. గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు అక్కడ ఆగిపోతాయి. తర్వాత ఇసుక, మట్టి కిందికి దిగుతాయి. బియ్యం కడిగిన నీళ్లు కదపకుండా ఉంచితే అడుగున పిండి పేరుకుంటుంది కదా! అలాగే.

ఆ తర్వాత అసలు పని. పెద్ద తొట్టిలో నీళ్లలోకి గాలి పంపుతారు. ఆ గాలితో కంటికి కనబడని సూక్ష్మజీవులు బతుకుతాయి. అవి మురికిని తింటాయి. ఇడ్లీ పిండిని పులియబెట్టేవి కూడా ఇలాంటి జీవులే. చివరకు బురద అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లలో క్లోరిన్ లాంటి మందు కలిపి వదులుతారు. ఈ నీళ్లు తాగడానికి పనికిరావు. చెట్లకు, ఇల్లు కట్టే పనికి వాడుకోవచ్చు.

గిన్నె ఎంత? బియ్యం ఎంత?

నలుగురికి సరిపోయే గిన్నెలో పది మందికి వండితే ఏమవుతుంది? అన్నం పొంగి పొయ్యి మీద పడుతుంది. లోపల పలుకు మిగులుతుంది. శుద్ధి కేంద్రం కూడా అంతే. సూక్ష్మజీవులు మురికి తినడానికి కొన్ని గంటలు కావాలి. రెండింతల నీళ్లు వస్తే సగం సమయమే దొరుకుతుంది. మురికి పూర్తిగా పోకముందే నీళ్లు బయటికి పోతాయి.

రోజుకు ఎన్ని నీళ్లు శుద్ధి చేయగలదో ఆ లెక్కను దాని సామర్థ్యం అంటారు. ఇంజనీర్లు దీన్ని ఎం.ఎల్.డి. అని చెబుతారు. ఒక ఎం.ఎల్.డి. అంటే రోజుకు 10 లక్షల లీటర్లు.

లెక్క ఇలా వేస్తారు. పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని అంచనా. 10 లీటర్లు వాడితే 8 లీటర్లు మోరీలోకి వస్తాయి. అంటే మనిషికి 108 లీటర్ల మురుగు. పది వేల మంది ఉన్న బస్తీకి 10 లక్షల 80 వేల లీటర్లు. అంటే ఒక ఎం.ఎల్.డి. కంటే కొంచెం ఎక్కువ.

కేంద్రాలు పెద్దవీ ఉంటాయి, చిన్నవీ ఉంటాయి. అంబర్‌పేటలో ఉన్న పెద్ద కేంద్రం 339 ఎం.ఎల్.డి. అంటే రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు. 2023లో దుర్గం చెరువు దగ్గర మొదలైంది చిన్నది. దాని సామర్థ్యం 7 ఎం.ఎల్.డి. సుమారు 65 వేల మంది మురుగుకు అది సరిపోతుంది.

మన పట్నం లెక్క

1908లో మూసీ వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. తర్వాత నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వరద ఆపే చెరువులతో పాటు భూమిలోపల మురుగు కాలువలకూ పథకం వేశారు. అప్పుడు హైదరాబాద్ జనం సుమారు 5 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ జనం 67 లక్షలు దాటింది.

2021లో జలమండలి లెక్క చూడండి. గ్రేటర్ హైదరాబాద్‌లో రోజుకు 165 కోట్ల లీటర్ల మురుగు వస్తుంది. అప్పుడున్న 25 కేంద్రాలు శుద్ధి చేసేది 77 కోట్ల 20 లక్షల లీటర్లు. సగం కూడా కాదు! మిగిలిన మురుగు చెరువుల్లోకి, మూసీలోకి పోయింది. అందుకే ఆ ఏడాది ప్రభుత్వం 31 కొత్త కేంద్రాలకు 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. వాటిలో ఒకటి మన మీర్ ఆలం చెరువు దగ్గర.

మనకెందుకు ఈ లెక్క?

మురుగు ఊరు దాటితే మన పీడ పోయిందా? పోలేదు. మూసీ నీళ్లతో కింది ఊళ్లలో గడ్డి పెంచుతారు. ఆ గడ్డి బర్రెలు తింటాయి. ఆ పాలు మళ్లీ మన ఊరికే వస్తాయి.

పైపులు పగిలితే మురుగు నల్లా నీళ్లలోనూ కలుస్తుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో అలాగే జరిగింది. ఆ నీళ్లు తాగి వందలమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మనం ఏం చేయాలి?

గుడ్డలు, నెలసరి ప్యాడ్లు, ప్లాస్టిక్ సంచులు మోరీలో వేయకండి. చెత్తబండిలో వేయండి.

వాడిన నూనె మోరీలో పోయకండి. అది పైపులో గడ్డకడుతుంది.

వాన పడితే గల్లీలో నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత తీస్తాం. తీయకండి. మనుషులు అందులో పడి చనిపోతారు. పైగా వాన నీళ్లు, మట్టి పైపుల్లో చేరతాయి. చిన్న గిన్నెలో ఇంకా బియ్యం పోసినట్టే.

మోరీ పొంగితే, నల్లా నీళ్లు వాసన వస్తే 155313 నంబరుకు ఫోన్ చేయండి. అది జలమండలి నంబరు. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. మీకిప్పుడు రాయడం వచ్చు కదా!

మూసీని బాగుచేయడం ప్రభుత్వం పని. అయితే మా బస్తీ మురుగు ఏ కేంద్రానికి పోతుంది, దాని సామర్థ్యం ఎంత అని అడగడం మన హక్కు. పది మంది కలిసి అడిగితే జవాబు వస్తుంది.

లెక్క చేయండి

మీ గల్లీలో 50 ఇళ్లు ఉన్నాయి. ఇంటికి 6 మంది. మనిషికి 108 లీటర్ల మురుగు. గల్లీ మొత్తం రోజుకు ఎంత?

(జవాబు: 32,400 లీటర్లు)