సామాను చెదరకుండా గోడ జరపడం

ఉమ్మడి ఇంట్లో అన్నదమ్ములు వాటాలు పంచుకొన్న తరువాత ఒకరి గది ఇరుకు కావడమూ, పక్కవారి గది ఖాళీగా పడి ఉండడమూ మనం ఎరిగిన సంగతే. ఇప్పుడు మన ఇండ్లలోని కంప్యూటర్లలోనూ అదే తంతు. డిస్కు ఒక్కటే, అందులో ‘సి’ అని ఒక వాటా, ‘డి’ అని ఒక వాటా. విండోసూ, ప్రోగ్రాములూ సి లో కిక్కిరిసి, ఎర్రగీత చూపి చోటు లేదని మొరపెట్టుకొంటూ ఉంటాయి. డి లో సగం ఖాళీ.

ఆ డి లో ఏముంటుందో చెప్పనక్కరలేదు. తాతగారి ఉత్తరాల స్కానులు, వంశవృక్షం, పెండ్లి వీడియోలు, అమ్మమ్మ గొంతులో మంగళహారతులు, సంఘం జమాఖర్చులు. బరంపురంలోనో, షోలాపురంలోనో, హోసూరులోనో తరతరాలుగా కాపురమున్నవారి ఇండ్లలో తెలుగున మిగిలిన కాగితమే తక్కువ. ఆ కాస్తా ఒక్క డిస్కులో ఒక్క ప్రతిగా ఉండడం మరీ ప్రమాదం. కాబట్టి గోడ జరిపే మాట తరువాత చూద్దాం. అసలు జరపనవసరం ఉన్నదా?

చాలా ఇండ్లలో లేదనే మా అభిప్రాయం. సి ని నింపేవి తరచు డౌన్‌లోడ్లూ, వీడియోలూ, ఫొటోలూ. ఆ ఫోల్డరుమీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో ‘లొకేషన్’ అన్న పుటలో ‘మూవ్’ చేస్తే అది డి లోకి వెళ్లిపోతుంది. ముందుగా డి లో దానికని కొత్త ఫోల్డరు చేసి అందులోకి పంపవలెను గాని, డి మొత్తాన్నే చూపరాదు సుమా. తరువాత విడదీయడం పెద్ద తలనొప్పి.

దానితో తీరనివారు మొట్టమొదట నకలు తీసుకోవలెను. డి లో ఉన్నదాన్ని సి లో పెట్టడం నకలు కాదు. రెండూ ఒకే డిస్కు గదా! బయటి డిస్కులోనికి ఎక్కించి, దాన్ని మరొక కంప్యూటరుకు తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకోవలెను. డిస్కు మొత్తం అచ్చు తీసిపెట్టుకోదలచినవారికి క్లోనెజిల్లా, రెస్క్యూజిల్లా అనే ఉచిత సాధనాలున్నవి. డిస్కు టకటక శబ్దం చేస్తున్నా, ఫైళ్లు తెరవడానికి మొరాయిస్తున్నా గోడ జోలికి పోకూడదు. అది చికిత్స కావలసిన డిస్కు.

ఇక సాధనాలు. విండోసులోనే ఉన్న ‘డిస్క్ మేనేజిమెంట్’లో 2007లో వచ్చిన విస్టా మొదలుకొని వాటాలను కుదించే, పెంచే వీలున్నది. ‘ష్రింక్ వాల్యూమ్’ అంటే కుదించడం, ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ అంటే పెంచడం. డి ని 200 జీబీ కుదించి, సి ని పెంచబోతే ఆ మాట బూడిదరంగులో మూగగా ఉంటుంది. ఎందుకని? కుదింపువల్ల దొరికే ఖాళీ డి కి కుడిచివరన వస్తుంది. సి పెరగాలంటే ఖాళీ దాని కుడిగోడను ఆనుకొనే ఉండాలి. వీధి చివర స్థలం కొని మన వంటిల్లు పెంచుకోలేము గదా. పైగా కొన్ని యంత్రాలలో సి పక్కనే ‘రికవరీ’ అనే చిన్న వాటా అడ్డంగా కూర్చుంటుంది. (ఈ చిన్న గది ఇరుకై 2024 జనవరిలో మైక్రోసాఫ్టు వారి సవరణ ఒకటి ఎన్నో విండోస్ 10 యంత్రాలలో ఎక్కలేదు, సి ని 250 ఎంబీ కుదించి దాన్ని పెంచుకొమ్మని వారే మార్గం ప్రకటించవలసి వచ్చింది.)

ఈ చిక్కు తీర్చేది జీపార్టెడ్. 2004 నుంచి ఉన్నది, నిజంగా ఉచితం. ‘ఉచిత’ మని పిలిచి, అంతా చేయించి, చివరి మీట దగ్గర డబ్బడిగే సరుకులు వేరే ఉన్నవి. జీపార్టెడ్ లైవ్‌ను ఖాళీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దానితోనే యంత్రాన్ని లేపవలెను. వాటాలు రంగుల పట్టీలుగా కనబడతాయి. డి ఎడమ అంచును కుడికి లాగి, సి కుడి అంచును ఆ ఖాళీలోకి లాగడమే. ‘అప్లై’ నొక్కేదాకా ఏదీ జరగదు. మనసు మారితే వెనక్కు తీసుకోవచ్చును.

లేపేముందు విండోసును పూర్తిగా మూయించవలెను. ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉంటే అది మూసినట్టు నటించి సగం నిద్రలో ఉంటుంది. షిఫ్టు మీట పట్టుకొని ‘షట్‌డౌన్’ నొక్కితే నిజంగా మూస్తుంది. బిట్‌లాకర్ తాళం ఉంటే తీసివేయవలెను. దాని 48 అంకెల తాళపుచెవి కాగితంమీద వ్రాసి బీరువాలో పెట్టుకోవలెను.

డి ఎడమ అంచు కదిలితే అందులోని సరుకంతా చదివి కొత్తచోట వ్రాయవలసి ఉంటుంది. వందల జీబీలుంటే గంటలు పడుతుంది. నడుమ కరెంటు పోతే డి సగం ఇక్కడా సగం అక్కడా అయి కూర్చుంటుంది. కాబట్టి యూపీఎస్ లేని బల్లకంప్యూటరుమీద ఈ పని తగదు. మా మాట అడిగితే, రెండు బయటి నకళ్లున్నవారు జీపార్టెడ్‌కు పోకుండానే డి ని తుడిచి, విండోసుతోనే సి ని పెంచి, మిగిలినచోట కొత్త డి చేసి, సరుకు తిరిగి నింపుకోవడం మేలు. ఒక్క నకలే ఉంటే మాత్రం ఇది వద్దు. తుడిచిన క్షణాన అదే ఏకైక ప్రతి అవుతుంది.

లినక్సు వాడే పిల్లలకు ఒక్క మాట: ఈఎక్స్‌టీ4 వాటాను పని చేస్తుండగా పెంచవచ్చును గాని, కుదించాలంటే విడదీసి తీరవలెను. ఎక్స్ఎఫ్ఎస్‌ను కుదించే పని పెట్టుకోవద్దు.

పని ముగిశాక విండోసు లేచేటప్పుడు డిస్కు తనిఖీ చేయవచ్చు, ఆపకండి. డి కి అక్షరం మారిపోయి ఉంటే, డిస్క్ మేనేజిమెంట్‌లో దానిమీద కుడి మీట నొక్కి పాత అక్షరం ఇవ్వవచ్చును.