కంప్యూటర్‌కూ నీళ్ల చలువ

లారీ ఇంజను వేడెక్కకుండా రేడియేటర్‌లో నీళ్లు పోస్తారు కదా! కంప్యూటర్‌కు కూడా అలాంటి ఏర్పాటు ఉంది.

కంప్యూటర్‌లో ప్రాసెసర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. లెక్కలన్నీ చేసేది అదే. పని పెరిగేకొద్దీ అది వేడెక్కుతుంది. వేడి మితిమీరితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇంకా వేడెక్కితే కంప్యూటర్ ఆగిపోతుంది. అందుకే లోపల ఫ్యాను పెడతారు. ఫ్యాను జోరుగా తిరిగితే రొద ఎక్కువ.

గాలి కన్నా నీరు వేడిని బాగా మోస్తుంది. అందుకని ప్రాసెసర్ మీద రాగి దిమ్మె బిగిస్తారు. చిన్న పంపు అందులోకి నీటిని పంపుతుంది. వేడెక్కిన నీరు గొట్టం గుండా రేడియేటర్‌కు పోతుంది. అక్కడ పెద్ద ఫ్యాన్లు నిదానంగా తిరిగి చల్లారుస్తాయి. చల్లబడిన నీరు మళ్లీ దిమ్మెకు వస్తుంది. రొద తగ్గుతుంది, పని జోరుగా సాగుతుంది. 2004లో ఆపిల్ కంపెనీ ఇలాంటి ఏర్పాటుతో పవర్ మ్యాక్ జీ5 కంప్యూటర్‌ను అమ్మింది.

మరి ప్రమాదం లేదా? ఉంది. గొట్టం కారితే కంప్యూటర్ పాడవుతుంది. కరెంటుకు తడి తగలకూడదు. తడి కనిపిస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

ఉత్తరాలు, పద్దులు రాసుకునే కంప్యూటర్‌కు నీళ్లు అక్కర్లేదు. ఫ్యాను చాలు. దానికి పట్టిన దుమ్ము అప్పుడప్పుడు దులిపితే సరి.