ఒంటి గడియారానికి ఆలస్యమే ఆధారం
నైట్ డ్యూటీ దిగినా పగటి నిద్ర ఎందుకు పట్టదో గణితం చెబుతోంది

బిలాస్‌పూర్‌లో రైళ్లకు రాత్రి, పగలు తేడా లేదు. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం. కోర్బా బొగ్గు గూడ్సులు అర్ధరాత్రి కూడా కదులుతూనే ఉంటాయి. వాటిని నడిపేవారికి తెల్లవారుజామున మూడింటికి రెప్పలు బరువెక్కుతాయి. డ్యూటీ దిగి ఇల్లు చేరాక మాత్రం నిద్ర రాదు.

ఇది బద్ధకం కాదు, ఒంటి గడియారం చేసే పని. కణంలో 'పీరియడ్' అనే జన్యువు ఒక ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. ఆ ప్రొటీన్ పోగై, కేంద్రకంలోకి వెళ్లి, తనను పుట్టించిన జన్యువుకే బ్రేకు వేస్తుంది. అది కరిగిపోయాక జన్యువు మళ్లీ పని మొదలెడుతుంది. పండ్ల ఈగల్లో ఈ గుట్టు విప్పిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ దక్కింది.

బ్రేకు వెంటనే పడితే ప్రొటీన్ ఒక మట్టంలో స్థిరపడిపోయేది. ఆలస్యంగా పడుతుంది కాబట్టే హద్దు దాటి పెరుగుతుంది, మళ్లీ హద్దు దాటి తగ్గుతుంది. ఇలాంటి నెగెటివ్ ఫీడ్‌బ్యాక్‌కు బ్రియాన్ గుడ్విన్ 1965లో సమీకరణాలు రాశారు. మూడంచెల చక్రంలో బ్రేకు చాలా తీవ్రంగా ఉంటే తప్ప ఊగిసలాట నిలవదని 1968లో గ్రిఫిత్ తేల్చారు. ఆలస్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే అంత తీవ్రత అక్కర్లేదు. శ్వాసలో, రక్తకణాల ఉత్పత్తిలో కనిపించే హెచ్చుతగ్గులను మైకేల్ మాకీ, లియోన్ గ్లాస్ 1977లో ఇలాంటి సమీకరణాలతోనే వివరించారు. హైదరాబాద్ సీసీఎంబీలో సోమదత్తా సిన్హా కణాల్లోని ఫీడ్‌బ్యాక్ వలయాలకు గణిత నమూనాలు రూపొందించారు.

అతి సరళమైన నమూనాలో ఒక చక్రం నిడివి ఆలస్యానికి రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటుంది. అంటే 24 గంటల గడియారానికి 6 నుంచి 12 గంటల ఆలస్యం కావాలి. ప్రొటీన్ తయారీ, పోగవడం, కేంద్రక ప్రవేశం ఆ గంటలను తీసుకుంటాయి. డ్యూటీ చార్టు మారిందని అవి మారవు.

వెలుతురు ఈ గడియారాన్ని జరపగలదు. అయితే రోజుకు జరిగేది సుమారు గంటే. పగలు, రాత్రి తారుమారైతే సర్దుకోవడానికి వారానికి పైగా పడుతుంది. ఆలోగా చార్టు మళ్లీ మారుతుంది. పైగా ఇంటికి వచ్చే దారిలో పొద్దుటి ఎండ ఒంటిని మళ్లీ పగటి లెక్కకే లాగుతుంది.

అందుకే నైట్ డ్యూటీ చేసినవారి గదికి మందపాటి తెర, ఇంట్లో నిశ్శబ్దం విలాసాలు కావు. రోస్టరు వేసేవారు రైళ్ల టైమింగులతోపాటు ఈ ఆలస్యాన్నీ లెక్కవేయాలి. తెల్లవారుజామున సిగ్నల్ చూడాల్సినవి ఆ కళ్లే.