రక్తపు పోటు మందు - పాదముల వాపు

1998లో హైదరాబాదు మాదాపూరునందు సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములలో నేడు లక్షలాది ఉద్యోగులు దినమంతయు కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయుచున్నారు. వీరిలో రక్తపు పోటుకు మందు వాడువారును కలరు.

ఆమ్లోడిపిన్ అట్టి మందులలో మిక్కిలి ప్రచారము గలది. 2017లో తెలంగాణతో కలిపి ఐదు రాష్ట్రములలో ఆరంభమైన భారత రక్తపు పోటు నియంత్రణ కార్యక్రమమునందును ఇది ముఖ్యమైన మందు. దీనిని వాడువారిలో కొందరికి సాయంకాలమునకు చీలమండలు వాచును. మూత్రపిండములు చెడినవని భయపడి, వైద్యునకు చెప్పకయే మందు మానువారు కలరు. ఈ వాపునకు కారణమేమి?

ధమనుల గోడలలో మృదు కండరములు ఉన్నవి. కాల్షియం అయానులు కణములలో ప్రవేశించినపుడు ఇవి సంకోచించి, నాళము ఇరుకగును. ఆమ్లోడిపిన్ ఆ ప్రవేశ మార్గములను మూయును. కండరము సడలి, సన్నని ధమనులు విశాలమై, పోటు తగ్గును. కాని సిరలు అంతగా విశాలము కావు. మడిలోనికి నీరు వచ్చు తూమును వెడల్పుచేసి, పోవు తూమును మునుపటివలెనే ఉంచినచో మడిలో నీరు నిలుచును గదా! అట్లే కేశనాళికలలో పీడనము హెచ్చి, ద్రవము చుట్టునున్న కణజాలములోనికి ఊరును. భూమ్యాకర్షణచే చీలమండల వద్ద నిలుచును. నడచునపుడు పిక్క కండరములు సిరలను నొక్కి రక్తమును గుండెవైపు పంపును. గంటలకొలది కదలక కూర్చున్నవారికి ఈ సహాయము తక్కువ.

అనగా పోటును తగ్గించు గుణమే వాపునకును మూలము. అందుచే మోతాదుతోపాటు వాపును హెచ్చును. పరీక్షలలో దినమునకు 5 మిల్లీగ్రాములు పుచ్చుకొన్న ప్రతి 100 మందిలో సుమారు 3 గురికి, 10 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారిలో సుమారు 11 మందికి వాపు కనబడినది. ఉప్పు, నీరు నిలిచిపోవుట దీనికి ముఖ్యకారణము కాదు గనుక మూత్రము హెచ్చించు మాత్రలు అంతగా పనిచేయవు. మోతాదు తగ్గించుటయో, సిరలను కూడ సడలించు టెల్మిసార్టాన్ వంటి మందును చేర్చుటయో వైద్యుడు నిర్ణయించును.

ఆమ్లోడిపిన్ రక్తములో సగమగుటకు 30 నుండి 50 గంటలు పట్టును. కనుక మానిన మరునాడు ఏ మార్పును తెలియదు. తరువాత పోటు నొప్పిలేకయే మరల పెరిగి, పక్షవాతమునకు, గుండెజబ్బునకు దారితీయవచ్చును.

అయితే ప్రతి వాపును మందువలననే కలుగదు. గుండె, మూత్రపిండముల జబ్బులవలనను కలుగవచ్చును. ఒక కాలు మాత్రమే నొప్పితో వాచినను, ఊపిరి ఆడకున్నను వెంటనే వైద్యుని చూడవలెను. ఇంటిలో పెద్దలు ఈ మాత్ర వాడుచున్నచో, గంటకొకసారి లేచి నాలుగడుగులు నడువుమనియు, వాపు కనిపించినచో మందు మానక వైద్యునకు చూపుమనియు విద్యార్థులు వారికి తెలుపవలెను.